మందు ఇంటికొచ్చిన కాలం



2020 మే 4, సోమవారం. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు ఆరు వారాల తర్వాత తలుపులు తీసిన రోజు. తెరిచేది పదకొండింటికి. వరుసలు మాత్రం పొద్దున్నే రోడ్డు మలుపు తిరిగాయి. సున్నంతో గీసిన వృత్తాల్లో చెప్పులు, సంచులు, ఇటుక ముక్కలు వంతు కాస్తుంటే వాటి తాలూకు మనుషులు ఎదురుగా చెట్టు నీడకు చేరారు. కొన్ని ఊళ్ళలో గొడుగు తెచ్చుకున్న వాళ్ళనే వరుసలోకి రానిచ్చారు. గొడుగు విప్పితే మనిషికీ మనిషికీ ఎడం దానంతటదే వస్తుందని ఆ ఏర్పాటు. విశాఖ జిల్లాలో జనాన్ని అదుపు చేయడానికి ప్రభుత్వ ఉపాధ్యాయులకు కొట్ల దగ్గర డ్యూటీ వేశారు. తన దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాణ్ణి క్వార్టర్ కోసం వరుసలో నిలబెట్టాల్సి వచ్చిన పంతులుగారి మొహం ఒకసారి ఊహించుకోండి.

ఆ బొమ్మలు చూసి అందరం నవ్వుకున్నాం. వాట్సాప్ నిండా ఆ జోకులే. దేశ ఆర్థిక వ్యవస్థను భుజాన మోస్తున్న వీరులని హారతులు పట్టినవాళ్ళు కూడా ఉన్నారు. నేనీ పూట చెప్పబోయేది ఆ వరుసలో లేని వాళ్ళ గురించి కూడా. అప్పటికే ఆసుపత్రి పాలైనవాళ్ళు, ఆ సీసా ఏ ఇంటికి వెళ్ళిందో ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు, అలవాటు ఉండి కూడా నలుగురి ముందు నిలబడి కొనుక్కోలేని ఆడవాళ్ళు. లాక్‌డౌన్ తాగుడును పెంచిందా, తగ్గించిందా అని చాలామంది అడుగుతుంటారు. నా లెక్కలో అన్నిటికంటే ముందు అది తాగుడు చోటు మార్చింది. బయట ఎక్కడో జరిగేది గడప దాటి లోపలికి వచ్చింది. అక్కడి నుంచి మగవాళ్ళ కథ ఒక దారిన, ఆడవాళ్ళ కథ ఇంకో దారిన నడిచాయి.

ముందు ఆ ఆరు వారాల సంగతి చెప్పుకుందాం.

మార్చి 22న జనతా కర్ఫ్యూ. మూడు రోజులు తిరక్కుండానే దేశమంతా లాక్‌డౌన్. బార్లు, వైన్ షాపులు, బెల్టు షాపులు, కల్లు కాంపౌండ్లు అన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి. సిగరెట్టు మానేద్దామనుకున్నవాడు కూడా ఉగాది నుంచో పుట్టినరోజు నుంచో అని ఒక ముహూర్తం పెట్టుకుంటాడు. వీళ్ళకు ఆ వెసులుబాటు లేకపోయింది. ఆ నెలాఖరుకే హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి రోగుల తాకిడి మొదలైంది. చేతులు వణికేవాళ్ళు, ఫిట్లు వచ్చి నాలుక కరుచుకున్నవాళ్ళు, లేని పురుగుల్ని ఒంటిమీద నుంచి దులుపుకునేవాళ్ళు, కట్టుకున్న భార్యను ఎవరు నువ్వని అడిగేవాళ్ళు.

ఇది పిచ్చి కాదు, నటన అంతకన్నా కాదు. మద్యం మెదడు వేగాన్ని తగ్గిస్తుంది. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి మెదడు దాన్ని తట్టుకోవడానికి తన వేగాన్ని తనే పెంచుకుని సర్దుకుంటుంది. మందు హఠాత్తుగా ఆగిందనుకోండి, తగ్గించేది పోతుంది, పెంచుకున్న వేగం మాత్రం మిగిలిపోతుంది. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, గుండెదడ. మొదటి రెండు రోజుల్లో ఫిట్లు రావచ్చు. రెండో రోజు, మూడో రోజు దాటాక కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, ఒళ్ళు కాలిపోతుంది. దాన్నే వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే అందులో ప్రాణం పోవచ్చు. అందితే మాత్రం అదేమంత ఖరీదైన వైద్యం కాదు. కొద్ది రోజులు డాక్టరు పర్యవేక్షణలో మత్తు మాత్రలు వాడి, వాటినీ మెల్లగా తగ్గిస్తారు. బి1 విటమిన్, అంటే థయమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఇక్కడ ఒక్క మాట. మన ఊళ్ళలో తాగుబోతు సొమ్మసిల్లి పడిపోగానే ఆర్‌ఎంపీని పిలిచి గ్లూకోజు సీసా పెట్టించడం అలవాటు. బి1 అడుగంటిన మనిషికి ఆ విటమిన్ ఇవ్వకుండా ముందే గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఈ ఒక్క సంగతి పది ఇళ్ళకు తెలిసినా మేలే.

హైదరాబాదులో ఇంకో చిక్కు కల్లుతో వచ్చింది. చెట్టు మీద నుంచి దించిన తాటికల్లు, ఈతకల్లు వేరు. నగరంలో, కొన్ని జిల్లాల్లో కాంపౌండ్లలో అమ్మే కల్లు వేరు. ఇన్ని లక్షల మందికి సరిపడా చెట్లు ఎక్కడున్నాయి? నీళ్ళు కలిపి, మత్తు తగ్గకుండా డైజిపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలపడం ఏళ్ళుగా నడుస్తున్న వ్యవహారం. కేసులు పెడుతూనే ఉంటారు, కలిపేవాళ్ళు కలుపుతూనే ఉంటారు. కల్లు తాగుతున్నాననుకుని ఏళ్ళ తరబడి మత్తుమాత్రలు మింగుతున్న మనిషికి కాంపౌండు మూతపడగానే ఏమవుతుందో ఆ మార్చి చివర్లో అందరూ చూశారు. ఎర్రగడ్డ ఓపీకి వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. మేస్త్రీల దగ్గర తట్టలు మోసేవాళ్ళు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు. వాళ్ళ సంగతికి మళ్ళీ వస్తాను.

కేరళలో ఇదే ఇబ్బంది వస్తే అక్కడి ప్రభుత్వం డాక్టరు చీటీ రాస్తే మద్యం ఇస్తామంది. మేం రాయం పొమ్మన్నారు డాక్టర్లు. చివరికి హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. నన్నడిగితే డాక్టర్లు చెప్పిందే సబబు. మందు మానడం వల్ల వచ్చిన జబ్బుకు మందే వైద్యమని ప్రభుత్వం చీటీ మీద రాయిస్తే, రేపు ఏ భార్య అయినా మొగుణ్ణి మానమని ఎలా అడుగుతుంది?

దొరకనివాళ్ళు ఊరుకోలేదు. నల్లబెల్లం, నవసారం, ప్లాస్టిక్ డ్రమ్ములు మళ్ళీ బయటికొచ్చాయి. ఆంధ్రలో నాటుసారా, తెలంగాణలో గుడుంబా. పొలం గట్ల మీద, వాగుల ఒడ్డున ఊటలు పెట్టారు. ఎక్సైజు వాళ్ళు డ్రమ్ములు బోర్లించి ఫొటోలు దిగారు. రాష్ట్రాల సరిహద్దు చెక్‌పోస్టుల్లో పాల వ్యాన్లలో, కూరగాయల బుట్టల కింద సీసాలు పట్టుబడ్డాయి. అన్నిటికంటే దారుణం ప్రకాశం జిల్లా కురిచేడులో జరిగింది. 2020 జూలై ఆఖరు వారం. అక్కడ కరోనా కేసులు పెరగడంతో ఊళ్ళో మద్యం కొట్లు మళ్ళీ మూశారు. మిగతాచోట్ల ధర ఎలాగూ అందుబాటులో లేదు. చేతులు తుడుచుకునే శానిటైజరును నీళ్ళలో, కూల్‌డ్రింకులో కలుపుకుని తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు. వాళ్ళలో గుడి దగ్గర అడుక్కుని బతికేవాళ్ళూ, రిక్షా, హమాలీ లాంటి కష్టం చేసుకునేవాళ్ళూ ఉన్నారు. ఇలాంటి ద్రవాల్లో మిథనాల్ ఉంటే అది ఒంట్లోకి వెళ్ళి ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది, ముందు చూపు పోతుంది, తర్వాత ప్రాణం పోతుంది. ఇరాన్‌లో అదే ఏడాది మద్యం తాగితే కరోనా రాదన్న పుకారు నమ్మి కల్తీ సారా తాగినవాళ్ళు వందల్లో చనిపోయారు. చేతికి రాసుకుంటే వైరస్‌ను చంపేది గొంతులో పోసుకున్నా చంపుతుందనుకోవడం అక్కడికి మాత్రమే పరిమితమైన అమాయకత్వం కాదు. మన దగ్గరా ఒక పెగ్గేసుకో, ఏ కరోనా రాదు అన్న పెద్దమనుషులు ప్రతి వీధిలో ఉన్నారు.

అయితే ఆ ఆరు వారాల్లో మంచి ఏమీ జరగలేదని నేననను. జరిగింది. మా వీధిలో బండి మీద ఇస్త్రీ చేసే ఆమె ఉంది. ఆమె భర్త తాపీ పని చేస్తాడు. పని ఉన్న రోజు క్వార్టర్, పని లేని రోజు అప్పు క్వార్టర్. ఆమె నాతో అన్న మాట ఇది: "పెళ్ళయిన కాడ్నుంచి మా ఆయన పొద్దుగూకినాక పిల్లల్తో కూర్చుని అన్నం తిన్నది ఆ నలభై రోజులేనండీ. మొదట్లో నాలుగు రోజులు జొరమొచ్చినోడిలాగా వణికాడు. తర్వాత మామూలు మనిషే. పెద్దదానికి జడ కూడా వేశాడు." ఆ మాట చెబుతూ నవ్వింది. కొట్టు తెరిచిన తర్వాత ఏమైందని అడిగాను. "రేటు పెంచితే మానేస్తారన్నారుగా టీవీలో. ఆయన మానలేదు. నేను పాలు మానేశాను" అంది. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఎగదోస్తూ, చాలా మామూలుగా.

ఆమె చెప్పినదాంట్లో ఎంత అర్థశాస్త్రం ఉందో చూడండి. దుకాణాలు తెరిచిన రోజు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ధరలు పాతిక శాతం పెంచింది. మర్నాడే మరో యాభై. మొత్తం 75 శాతం. రద్దీ తగ్గించడానికి, తాగుడు మాన్పించడానికి అన్నారు. తెలంగాణలో మే 6న తెరిచారు, చవక రకానికి 11 శాతం, మిగతావాటికి 16 శాతం పెంచారు. ఢిల్లీలో కరోనా ఫీజు పేరుతో 70 శాతం వేశారు. ధర పెరిగితే తాగుడు తగ్గుతుందన్నది సిద్ధాంతంగా తప్పు కాదు. అప్పుడప్పుడూ తాగేవాడు తగ్గిస్తాడు, కొత్తగా మొదలుపెట్టబోయేవాడు ఆగుతాడు. ఒళ్ళు దానికి బానిసైనవాడు మాత్రం తగ్గించేది మందును కాదు, మిగతా ఖర్చును. ఆ మిగతా ఖర్చు ఎవరి చేతిలో ఉంటుంది? లాక్‌డౌన్‌లో ఆంధ్రలో రేషన్ కార్డుకు వెయ్యి రూపాయలు, తెలంగాణలో పదిహేను వందలు ఇచ్చారు. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్ళకు కేంద్రం మూడు నెలలు అయిదేసి వందలు వేసింది. మే మొదటి వారం దాటాక ఆ డబ్బు ఎన్ని ఇళ్ళలో పోపుల డబ్బాలోంచి మాయమైందో ఆడవాళ్ళను అడిగితే తెలుస్తుంది. ఆ వారంలోనే ఆంధ్రలో కొన్ని ఊళ్ళలో మహిళలు కొట్ల ముందు బైఠాయించారు. వాళ్ళకిది కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక పోరాటం వాళ్ళ అమ్మలదీ అత్తలదీ. దాని ఫలితంగానే 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి 1997లో అదీ పోయింది.

ఇక చోటు మారడం సంగతి.

మన దగ్గర మగవాడి తాగుడుకు ఒక బయటి ప్రపంచం ఉంది. వైన్ షాపు పక్కన పర్మిట్ రూము, రైల్వే గేటు అవతల ఖాళీ స్థలం, పొలంలో మోటారు షెడ్డు. ఉడకబెట్టిన సెనగలు, కోడిగుడ్డు, నలుగురు స్నేహితులు. ఎంత పాడు అలవాటైనా దానికో వేళ, ఓ హద్దు ఉండేవి. పర్మిట్ రూము మూసేస్తారు, పక్కవాడు ఇక చాలు పదరా అంటాడు, బండి నడుపుకుంటూ ఇంటికి పోవాలి కదా అన్న భయం ఉంటుంది. లాక్‌డౌన్ తర్వాత ఇవన్నీ పోయాయి. కొట్లో కొనుక్కుని నేరుగా ఇంటికి పోవలసిందే. ఇల్లంటే చాలామందికి ఒక్క గది. అదే గదిలో పిల్లాడి ఆన్‌లైన్ క్లాసు, అదే గదిలో అత్తగారి మంచం, అదే గదిలో మూలన సీసా. కొంతమంది పిల్లలు తండ్రి తాగడం మొదటిసారి కళ్ళారా చూసింది అప్పుడే. గ్లాసు కడిగి తెచ్చేది, ఉల్లిపాయ తరిగేది, తర్వాత వాంతి ఎత్తిపోసేది భార్య. బయటి ఖర్చు మగవాడిది, లోపలి చాకిరీ ఆడదానిది.

2021 మే 11న తెలంగాణలో మర్నాటి నుంచి మళ్ళీ లాక్‌డౌన్ అన్న ప్రకటన రాగానే జనం మొదట పరుగెత్తింది వైన్ షాపులకే. ఆ లాక్‌డౌన్‌లో పొద్దున ఆరు నుంచి పది దాకా అన్నీ తెరిచి ఉండేవి, వైన్ షాపులతో సహా. పాల ప్యాకెట్టు, కొత్తిమీర కట్ట, హాఫ్ బాటిల్ ఒకే సంచిలో ఏడింటికల్లా ఇంటికొచ్చేవి. పొద్దున్నే సరుకు చేతిలో ఉంటే సాయంత్రం దాకా ఆగేవాళ్ళు ఎందరు?

ఇంట్లో మందు, ఇంట్లోనే పిల్లలు, తలుపులు మూసి ఉన్నాయి. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో ముందే ఆలోచించిన చోటు ఒకటుంది. గ్రీన్‌లాండ్. 2020 మార్చి చివర్లో దాని రాజధాని నూక్‌లోనూ చుట్టుపక్కలా మద్యం అమ్మకాలు ఆపేశారు. చెప్పిన కారణం, బడులు మూసిన వేళ ఇళ్ళలో పిల్లలు హింసకు గురికాకూడదని. అదీ ఆదాయం లెక్క పక్కన పెట్టి తీసుకున్న నిర్ణయం. మన దగ్గర జరిగిన చర్చంతా ఖజానాకు ఎంత నష్టం, వరుసలో దూరం ఎంత అన్నదాని చుట్టూనే తిరిగింది. భర్త తరచూ తాగి వచ్చే ఇళ్ళలో పదిమంది భార్యల్లో ఏడుగురు ఎప్పుడో ఒకప్పుడు అతని చేతిలో హింసకు గురయ్యారని మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చెబుతోంది. అసలు తాగని భర్తలున్న చోట ఆ లెక్క పదికి ఇద్దరు, ముగ్గురు. అంటే తాగనివాళ్ళంతా దేవుళ్ళనీ కాదు. కానీ ఆ తేడాను చూసీ చూడనట్టు వదిలేయలేం.

ఇప్పుడు ఆడవాళ్ళ తాగుడు. దీని గురించి మాట్లాడాలంటే మనకు నోరు పెగలదు.

అదే సర్వే లెక్క ప్రకారం పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో తాగేవాళ్ళు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. ఆడవాళ్ళలో తెలంగాణలో 6.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో అర శాతం. మన రెండు రాష్ట్రాల్లో ఈ లెక్కలు తీసింది కరోనాకు ముందే, 2019లో. ఒకే భాష, పక్కపక్క ఊళ్ళు, ఆడవాళ్ళ దగ్గర ఇంత తేడా ఎందుకు? తెలంగాణ పల్లె తెలిసినవాళ్ళకు జవాబు తెలుసు. కల్లు. తెలంగాణ పల్లెల్లో తాగే ఆడవాళ్ళు నూటికి తొమ్మిది మంది, పట్నాల్లో ముగ్గురికి లోపే. నాట్లు వేసిన రోజు పొద్దుగూకే వేళకు రైతే కల్లు పోయిస్తాడు. నడుం విరిగేలా బురదలో వంగి పనిచేసినామె తాటిరేకలో పోయించుకుని తాగి, నలుగురితో నవ్వుతూ ఇంటికి పోతుంది. బోనాల నాడు అమ్మవారికి సాక పోసేదీ కల్లే. అక్కడ దాన్ని దాచిపెట్టుకోరు. ఆంధ్రలో ఆ అర శాతంలో ఎంత నిజం, ఎంత దాపరికం అన్నది వేరే సంగతి. సర్వే చేసే అమ్మాయి గుమ్మంలో నిలబడి అత్తగారి ఎదురుగా "అమ్మా, మీరు తాగుతారా?" అని అడిగితే ఏ కోడలు అవునంటుంది?

లాక్‌డౌన్‌లో ఊళ్ళో చెట్టు ఉన్నామెకు పెద్దగా ఏం కాలేదు. తాటిచెట్టు గెల పూటపూటకీ చెక్కకపోతే ధార ఎండిపోతుంది, కాబట్టి గీత కార్మికుడు చెట్టెక్కక తప్పదు. దెబ్బ తగిలింది పాలమూరు నుంచి పట్నం వచ్చి, బస్తీలో ఉంటూ, కాంపౌండు కల్లు అలవాటైన కూలి ఆమెకు. చెట్టుకల్లు తాగిన ఊరి అలవాటే ఆమెను అక్కడికి తీసుకెళ్ళింది, సీసాలో ఉన్నది మాత్రం వేరు. మగవాడు వణికితే ఇంట్లోవాళ్ళు ఆటో ఎక్కించి ఎర్రగడ్డకు తెచ్చారు. ఆమె వణికితే దయ్యం పట్టిందని భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళిన ఇళ్ళు ఉన్నాయి.

ఇక వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు. దుకాణాలు తెరిచిన మే 4నే మన తెలుగు సినిమా దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ, మద్యం కోసం వరుస కట్టిన ఆడవాళ్ళ ఫొటో ఒకటి ట్విట్టర్‌లో పెట్టి, తాగుబోతు మగవాళ్ళ బారి నుంచి ఆడవాళ్ళను కాపాడటం అంటే ఇదేనన్నమాట అని వెటకారం చేశారు. గాయని సోనా మహాపాత్ర గట్టిగానే బదులిచ్చారు. కొనుక్కుని తాగే హక్కు మగవాళ్ళకు ఎంత ఉందో ఆడవాళ్ళకూ అంతే ఉంది, తాగి కొట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు అన్నది ఆమె మాట సారం. నాకు ఆ జవాబులో లోపమేమీ కనిపించలేదు. వేలమంది మగవాళ్ళ మధ్య నలుగురు ఆడవాళ్ళు కనిపిస్తే కెమెరాలన్నీ వాళ్ళ మీదికే తిరిగాయి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఢిల్లీ మందు కొట్ల వరుసల్లోనూ అంతే. టీకా కన్నా మందే మేలని ఒక పెద్దావిడ టీవీ వాళ్ళతో అంటే దేశమంతా చూసి నవ్వింది. ఆ మాటే ఆ వరుసలో ఏ మగవాడు అన్నా మనకు గుర్తుండేది కాదు.

ఈ వెటకారం వల్ల జరిగే నష్టం ఒకటుంది. తాగే ఆడవాళ్ళు తాగుడు మానరు, దాచడం నేర్చుకుంటారు. హైదరాబాదు, బెంగళూరు ఫ్లాట్లలో ఇంటినుంచే ఉద్యోగం చేసే అమ్మాయిలు, అమెరికాలో, ఇంగ్లండులో ఉన్న మన పిల్లలు ఈ మాట వింటే ఒప్పుకుంటారనుకుంటాను. ఒక పక్క ల్యాప్‌టాప్‌లో మీటింగు, ఇంకో పక్క పిల్లాడి బడి, వంట, గిన్నెలు, ఊళ్ళో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల గురించి దిగులు, విమానాలు లేవు. రాత్రి పదకొండింటికి ఇల్లు సద్దుమణిగాక ఒక గ్లాసు వైను. వారానికి ఒకటి రెండు రోజులు ఉండేది రోజువారీ అవుతుంది. అమెరికాలో రాండ్ సంస్థ పరిశోధకులు 2019లో అడిగిన మనుషుల్నే 2020 వేసవిలో మళ్ళీ అడిగి చూశారు. ఆడవాళ్ళు ఒక్క విడతలో నాలుగు డ్రింకులు లేదా అంతకు మించి తాగిన రోజులు 41 శాతం పెరిగాయి. ఆడవాళ్ళలో ఇది ఎందుకు ఎక్కువ ఆందోళన కలిగిస్తుందంటే వాళ్ళ ఒంట్లో నీటి పాలు తక్కువ, కడుపులో మద్యాన్ని విరగ్గొట్టే ఎంజైము తక్కువ. భార్యాభర్తలు సమానంగా తాగినా ఆమె రక్తంలో మద్యం పాళ్ళు ఎక్కువ ఉంటాయి. అలవాటు నుంచి కాలేయ జబ్బు దాకా దారి ఆమెకు పొట్టిది.

ఇంగ్లండు కథ నా మాటకు ఇంకా దగ్గరగా ఉంది. అక్కడ పబ్బులు నెలల తరబడి మూసేశారు. మందు అమ్మే అంగళ్ళను మాత్రం అత్యవసర దుకాణాల జాబితాలో చేర్చారు. దాంతో దుకాణాల్లో కొని ఇంటికి తీసుకెళ్ళే మద్యం 2019 కంటే 2020లో పాతిక శాతం పెరిగింది. పబ్బుల్లో తాగేది పోయింది కాబట్టి మొత్తం మీద పెద్ద పెరుగుదల లేదు. సరాసరి చూస్తే అంతా బాగానే ఉందనిపిస్తుంది. కానీ యునైటెడ్ కింగ్‌డమ్ మొత్తంలో ఆ ఒక్క ఏడాది మద్యం వల్ల నేరుగా చనిపోయినవాళ్ళు 8,974 మంది. అంతకు ముందు ఏడాది కంటే దాదాపు 19 శాతం ఎక్కువ. సరదాగా తాగేవాళ్ళు తగ్గించుకున్నారు, అప్పటికే ఎక్కువ తాగేవాళ్ళు ఇంట్లో అడిగేవాళ్ళు లేక ఇంకా ఎక్కువ తాగారు. పబ్బులో గ్లాసు కొలిచి పోస్తారు. ఇంట్లో ఎవరు కొలుస్తారు?

కరోనా పోయింది, మాస్కులు పోయాయి, సున్నపు వృత్తాలు చెరిగిపోయాయి. ఇంట్లోకి వచ్చిన సీసా చాలాచోట్ల మళ్ళీ బయటికి పోలేదు. ఫ్రిజ్‌లో చోటు సంపాదించుకుంది. అందుకే ఈ ముచ్చట ఇప్పుడు చెప్పడం. మన దేశంలో మద్యానికి బానిసై వైద్యం కావలసినవాళ్ళలో ఏదో ఒక చికిత్స అందుతున్నది ముప్పయ్ ఎనిమిది మందిలో ఒక్కరికేనని 2019లో ఎయిమ్స్ వైద్యులు ప్రభుత్వం కోసం చేసిన సర్వే తేల్చింది. ఆడవాళ్ళ దగ్గరకు వచ్చేసరికి పరిస్థితి ఇంకా అన్యాయం. డీఅడిక్షన్ వార్డులు చాలావరకు మగవాళ్ళ కోసం కట్టినవి. ఆడ మనిషి పక్కన ఉండటానికి తల్లి రాదు, అత్త రాదు, పరువు పోతుందని భర్తే వద్దంటాడు. జిల్లా ఆసుపత్రిలో ఆడవాళ్ళకు విడిగా నాలుగు పడకలు, ఒక మహిళా కౌన్సెలరు ఇవ్వడం మద్యం మీద కోట్లు సంపాదించే ప్రభుత్వాలకు తలకు మించిన భారం కాదు.

ఇంట్లో ఎవరైనా రోజూ తాగుతుంటే, ఆడైనా మగైనా, ఇవాళ్టి నుంచి చుక్క ముట్టనని ఒట్టు వేయించుకుని గదిలో పెట్టి గొళ్ళెం వేయకండి. ఆ మొదటి మూడు నాలుగు రోజులే ప్రమాదం. ముందు డాక్టరుకు చూపించండి. వణుకు, ఫిట్లు, మతి తప్పడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా దగ్గర్లో ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి, తాగే అలవాటు ఉందని దాచకుండా చెప్పండి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవ ఉంది, నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. తాగేవాళ్ళు మాత్రమే కాదు, వాళ్ళతో కాపురం చేసేవాళ్ళు కూడా ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు. సెలవు.